ఆరు కీలు చాలు... ఇంటి కీబోర్డుతోనే బ్రెయిలీ!

ఇంట్లో ఒకరికి చూపు తగ్గిపోతే మొదట ఆగిపోయేది చదవడం, రాయడం. 'ఫోనే చదివి వినిపిస్తోందిగా, ఇంకేం కావాలి?' అని మిగతావాళ్లం సర్దుకుపోతాం. అది ఎంతవరకు సరిపోతుందో, ఎక్కడ సరిపోదో నాకు అర్థమైంది ఒక రాత్రి డ్యూటీలో.

కొన్నేళ్ల కిందటి మాట. నలభై అయిదేళ్ల మనిషిని ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమటలు, మాట ముద్దముద్దగా వస్తోంది. గ్లూకోజు చూస్తే 48. ఆయనకు పదిహేనేళ్లుగా షుగరు ఉంది. రెటీనా దెబ్బతిని, రెండేళ్లుగా వెలుతురు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. బీపీ మాత్ర అనుకొని షుగరు మాత్ర రెండోసారి వేసుకున్నారు. రెండు స్ట్రిప్పులూ చేతికి ఒకేలా తగిలాయి మరి. గ్లూకోజు ఎక్కించాం. అలాంటి మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి రెండు రోజులు వార్డులోనే ఉంచి గమనించాం. కోలుకున్నారు.

ఇంటికి పంపే రోజు ఆయన ఒక్కటే అన్నారు. "కళ్లు పోయినందుకు ఇప్పుడు అంత బాధ లేదు డాక్టర్‌ గారూ. నా మందు నేను గుర్తుపట్టలేకపోయాను చూడండి, అదీ బాధ." పక్కనే ఇంటర్‌ చదువుతున్న వాళ్లమ్మాయి నిలబడి ఉంది. "మా ఇంట్లో పాత కంప్యూటర్‌ ఉంది. దాంతో నాన్నకి బ్రెయిలీ ఏమైనా రాయొచ్చా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత చూపు లేనివారికి పాఠాలు చెప్పే ఒక టీచర్‌ని అడిగాను. ఆయనకూ చూపు లేదు. నా టేబుల్‌ మీది కీబోర్డును దగ్గరకు జరుపుకొని, "ఎఫ్‌, జె కీల మీద చిన్న గీతలు తగులుతున్నాయా? మీ చూపుడు వేళ్లు వాటి మీద పెట్టండి" అన్నారు. పది నిమిషాల్లో నాతో నాలుగు అక్షరాలు రాయించారు.

ఆ రోజు నేను నేర్చుకున్నదే ఈ వారం మీ ముందు పెడుతున్నా.

ఆరు చుక్కలు... ఆరు వేళ్లు

బ్రెయిలీలో ప్రతి అక్షరం ఒక చిన్న గడి. అందులో రెండు నిలువు వరుసలు ఉంటాయి. ఎడమ వరుసలో పై నుంచి కిందికి 1, 2, 3 చుక్కలు. కుడి వరుసలో 4, 5, 6. వీటిలో ఏవి ఉబ్బెత్తుగా ఉన్నాయన్న దాన్ని బట్టి అక్షరం మారుతుంది. ఖాళీ గడితో కలిపి మొత్తం 64 రూపాలు. గడి మొత్తం వేలి కొస కింద పట్టేస్తుంది. దీని సులువంతా అక్కడే ఉంది.

దీన్ని రూపొందించిన లూయీ బ్రెయిల్‌ ఫ్రాన్స్‌లో 1809లో పుట్టారు. మూడేళ్ల వయసులో తండ్రి తోలుపని చేసే చోట ఆడుకుంటుంటే పదునైన పనిముట్టు కంట్లో గుచ్చుకుంది. కొన్నాళ్లకు రెండో కన్ను కూడా పోయింది. పదిహేనేళ్లు వచ్చేసరికి, 1824 నాటికి, ఈ ఆరు చుక్కల పద్ధతికి ఒక రూపం తెచ్చారు. 1829లో అది పుస్తకంగా వెలువడింది.

చుక్కలు ఆరే కాబట్టి, ఆరు వేళ్లతో ఒకేసారి నొక్కి ఒక అక్షరం రాసే యంత్రాలు తర్వాత వచ్చాయి. 1951లో అమెరికాలో వచ్చిన పెర్కిన్స్‌ బ్రెయిలర్‌ను నేటికీ ఎన్నో అంధుల పాఠశాలల్లో వాడుతున్నారు. దాని మధ్యలో స్పేస్‌ కీ ఉంటుంది. అటు మూడు, ఇటు మూడు కీలుంటాయి. కంప్యూటర్‌ కీబోర్డు మీద వాడేదీ సరిగ్గా అదే అమరిక.

ఎడమ చేయి: చూపుడు వేలు ఎఫ్‌ మీద (1వ చుక్క), మధ్య వేలు డి మీద (2), ఉంగరపు వేలు ఎస్‌ మీద (3).

కుడి చేయి: చూపుడు వేలు జె మీద (4), మధ్య వేలు కె మీద (5), ఉంగరపు వేలు ఎల్‌ మీద (6).

బొటన వేలు స్పేస్‌ బార్‌ మీద. అంతే. మిగతా కీల జోలికి వెళ్లే పనే లేదు.

మామూలు టైపింగ్‌లో ఒకదాని తర్వాత ఒకటి కొడతాం. ఇక్కడ అలా కాదు. ఒక అక్షరానికి కావాల్సిన కీలన్నీ కలిపి, హార్మోనియం మీద స్వరాలు కలిపి పట్టినట్టు, ఒకేసారి నొక్కి వదలాలి. అన్ని వేళ్లూ లేచాకే సాఫ్ట్‌వేర్‌ ఆ చుక్కలన్నిటినీ కలిపి ఒక గడిగా వేస్తుంది. ఒక వేలు క్షణం ముందు పడినా, వెనక పడినా తేడా రాదు.

తెలుగు అక్షరాలు ఇలా...

'బ్రెయిలీ అంటే ఇంగ్లిష్‌లోనే కదా' అనుకుంటారు చాలామంది. కాదు. మన దేశ భాషలకు భారతీ బ్రెయిలీ అనే ఉమ్మడి పద్ధతి 1951లో ఖరారైంది. తెలుగుకూ అదే. అందులో అ అంటే 1వ చుక్క ఒక్కటే, అంటే ఎఫ్‌ కీ. క అంటే 1, 3 చుక్కలు: ఎఫ్‌, ఎస్‌ కలిపి. మ అంటే 1, 3, 4: ఎఫ్‌, ఎస్‌, జె. ర అంటే 1, 2, 3, 5: ఎఫ్‌, డి, ఎస్‌, కె.

గుణింతాలకు వేరే గుర్తులు ఉండవు. హల్లు రాసి, పక్క గడిలో అచ్చు రాస్తారు. 'మాట' రాయాలంటే మూడు గడులు. మ కోసం ఎఫ్‌, ఎస్‌, జె. ఆ కోసం ఎస్‌, జె, కె. ట కోసం డి, ఎస్‌, జె, కె, ఎల్‌.

ఇప్పుడు ఒక చిన్న సంగతి గమనించండి. ల అంటే ఎడమ వరుసలోని మూడు చుక్కలూ, అంటే ఎడమ చేతి మూడు వేళ్లూ. ళ అంటే కుడి వరుసలోని మూడు చుక్కలూ, అంటే కుడి చేతి మూడు వేళ్లూ. 'కల' రాసిన పిల్లవాడికి, 'కళ' రాసిన పిల్లవాడికి తేడా చేతుల్లోనే తెలిసిపోతుంది. ఫోన్‌లో వింటే ఈ తేడా చాలాసార్లు చెవికి ఆనదు. న-ణ, శ-ష-స కూడా అంతే. పదేళ్లు విని మాత్రమే చదువుకున్న పిల్లలకు మాటలన్నీ వస్తాయి, వర్ణక్రమం మాత్రం రాదు. పరీక్షలో ఇంకొకరు రాసిపెట్టాలి. ఉత్తరమైనా, దరఖాస్తు అయినా ఇంకొకరు దిద్దిపెట్టాలి. వినడం సమాచారం ఇస్తుంది. అక్షరజ్ఞానం కావాలంటే చదవాలి, రాయాలి. చూపు లేనివారికి అందుకున్న దారి బ్రెయిలీ.

చూపు లేకున్నా మెదడు చదువుతుంది

చూపు లేనివారు బ్రెయిలీ చదువుతున్నప్పుడు మెదడు వెనక భాగంలో, మామూలుగా చూపు కోసం పనిచేసే ప్రాంతంలో చురుకుదనం కనిపించిందని 1996లో ఒక పరిశోధన చూపించింది. 2000లో వెలువడిన మరో కేసు ఇంకా ఆసక్తికరం. పుట్టుకతోనే చూపు లేని ఒక మహిళ బ్రెయిలీ బాగా చదివేవారు. మెదడులో అదే ప్రాంతానికి రెండు వైపులా పక్షవాతం దెబ్బ తగలడంతో బ్రెయిలీ చదవలేకపోయారు. వేళ్లకు స్పర్శ మాత్రం బాగానే ఉంది! అంటే ఆమె వేళ్లు తాకిన చుక్కలను అక్షరాలుగా మార్చింది, మనలో చూపు చూసే చోటే అన్నమాట. చూపు లేనంత మాత్రాన మెదడులో ఆ భాగం ఖాళీగా కూర్చోదు. పని ఇస్తే చేస్తుంది.

చిన్న వయసులో మొదలుపెట్టినవారికి వేగం తొందరగా వస్తుంది. నలభైలో, యాభైలో మొదలుపెట్టినవారు పుస్తకాలు చకచకా చదివేయకపోవచ్చు. కానీ మందుల డబ్బాలు, ఫోన్‌ నంబర్లు, బీరువా అరల గుర్తులు చదువుకోవడానికి అంత వేగం అక్కర్లేదు.

కీబోర్డుకు ముందు ఒక పరీక్ష

మొదలుపెట్టే ముందు మీ కీబోర్డు దీనికి పనికొస్తుందో లేదో చూసుకోండి. కీబోర్డు లోపల తీగలు అడ్డం నిలువు గళ్లుగా అల్లుకొని ఉంటాయి. చవక రకాల్లో ఒకేసారి ఎక్కువ కీలు నొక్కితే ఏవేవి నొక్కారో పోల్చుకోలేక కొన్నిటిని వదిలేస్తాయి. మామూలు టైపింగ్‌లో ఈ లోపం మనకు తెలియదు.

నోట్‌ప్యాడ్‌ తెరవండి. కీబోర్డు ఇంగ్లిష్‌లో ఉండాలి. ఎస్‌, డి, ఎఫ్‌, జె, కె, ఎల్‌ ఆరూ కలిపి ఒక్కసారి నొక్కండి. తెర మీద ఆరు అక్షరాలూ పడాలి. వరుస ఎలా ఉన్నా ఫర్వాలేదు. ఒకటి తగ్గినా ఆ కీబోర్డు వద్దు. ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న ఇంకోటి ప్రయత్నించండి. ల్యాప్‌టాప్‌ కీబోర్డునూ ఇలాగే చూడండి. ఆటల కోసం చేసినవి చాలావరకు ఈ పరీక్ష నెగ్గుతాయి.

ఒక్క కీ పోతే ఏమవుతుందంటారా? ఇందాకటి 'మాట'నే తీసుకోండి. ట లో 6వ చుక్క, అంటే ఎల్‌ కీ పడకపోతే అది త అవుతుంది. మాట కాస్తా 'మాత' అయిపోతుంది. కథలో అయితే నవ్వుకుంటాం. మందు పేరులో అయితే నవ్వలేం.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు. పెర్కీ డక్‌ అనే చిన్న ప్రోగ్రామ్‌ ఉచితం. ఆరు కీలతో రాయడం నేర్చుకోవడానికి బాగా పనికొస్తుంది. చూపు లేనివారు స్వయంగా కంప్యూటర్‌ వాడుకోవడానికి ఎన్‌వీడీఏ అనే మాట్లాడే సాఫ్ట్‌వేర్‌ ఉంది. అదీ ఉచితమే. మామూలు కీబోర్డుతో బ్రెయిలీ పద్ధతిలో టైప్‌ చేసే అనుబంధాన్ని దానికి జోడించుకోవచ్చు. లైనక్స్‌ వాడేవారికి ఐబస్‌ బ్రెయిలీ ఉంది. పక్షవాతం వచ్చి ఒక చేయి పనిచేయనివారు నిరాశ పడొద్దు. ఒంటి చేత్తో, గడిలోని చుక్కలను విడతలుగా వేసుకునే సదుపాయం కొన్నిటిలో ఉంటుంది. ఇక స్మార్ట్‌ఫోన్‌ తెర మీదే ఆరు వేళ్లతో బ్రెయిలీ రాసే ఏర్పాటు ఐఫోన్‌లో 2014 నుంచీ, ఆండ్రాయిడ్‌ టాక్‌బ్యాక్‌లో 2020 నుంచీ ఉంది.

తెర మీద చుక్కలు చేతికి తగలవు

ఇక్కడే చాలామంది పొరబడతారు. కంప్యూటర్‌లో రాసిన బ్రెయిలీ తెర మీద చుక్కల బొమ్మ మాత్రమే. యూనికోడ్‌లో 256 బ్రెయిలీ గుర్తులు ఉన్నాయి కాబట్టి వాటిని ఎక్కడైనా అతికించవచ్చు, మామూలు ప్రింటర్‌లో అచ్చు వేయవచ్చు. కానీ వేలికి తగలని చుక్క బ్రెయిలీ కాదు. నిజం చుక్క కాగితం మీద సుమారు అర మిల్లీమీటరు ఎత్తు లేచి ఉండాలి. నున్నటి బోర్డుల మీద, కార్డుల మీద సిరాతో చుక్కలు వేయించి, 'బ్రెయిలీ పెట్టించాం' అని సంతోషపడితే ఉపయోగం లేదు.

మరి రాసింది వేళ్లకు అందేది ఎలా? మూడు దారులున్నాయి.

మొదటిది, బ్రెయిలీ ఎంబోసర్‌. మందపాటి కాగితం మీద చుక్కలను పొడిచే ప్రింటర్‌ ఇది. ధర లక్షల్లో ఉంటుంది. ఇంటికి కొనక్కర్లేదు. బ్రెయిలీ ప్రెస్‌ ఉన్న సంస్థకు మీ ఫైలు తీసుకెళ్లి అచ్చు వేయించుకోవచ్చు.

రెండోది, బ్రెయిలీ డిస్‌ప్లే. కంప్యూటర్‌కో, ఫోన్‌కో తగిలిస్తే చిన్న పిన్నులు పైకి లేచి అక్షరాలవుతాయి. ఇదీ ఖరీదైనదే.

మూడోది, అందరికీ అందుబాటులో ఉన్నది: బ్రెయిలీ స్లేటు, స్టైలస్‌. చేత్తో ఒక్కో చుక్కా పొడవాలి. కాగితం వెనక నుంచి పొడుస్తాం కాబట్టి కుడి నుంచి ఎడమకు, అద్దంలో చూసినట్టు తిరగేసి రాయాలి. కొత్తవారు తికమక పడేది ఇక్కడే. కీబోర్డు మీద ఆ ఇబ్బంది లేదు, ఎలా చదువుతామో అలాగే రాస్తాం. అందుకే ఇంట్లోవాళ్లు ముందు కీబోర్డు మీద అక్షరాలు వేళ్లకు పట్టించుకొని, తర్వాత స్లేటు పడితే పని సులువవుతుంది.

మందుల డబ్బాలకు గుర్తులు

ఐరోపా దేశాల్లో మందు పెట్టె మీద దాని పేరు బ్రెయిలీలో ఉండాలని 2004లోనే నిబంధన తెచ్చారు. మనకు అన్ని మందుల మీదా అలా దొరకదు. ఇంట్లోనే ఏర్పాటు చేసుకుందాం.

* మాత్రల స్ట్రిప్పు మీద పొడవొద్దు. రేకు చిరిగితే మందు పాడవుతుంది. ఒక్కో మందుకు ఒక్కో డబ్బా పెట్టి, మందపాటి ప్లాస్టిక్‌ ముక్క మీద గుర్తు పొడిచి డబ్బాకు అతికించండి.

* పొడవాటి పేర్లు వద్దు. షుగరు మాత్రకు 'చక్కెర'లోని చ (1, 4 చుక్కలు), బీపీ మాత్రకు బ (1, 2) చాలు. ఏ అక్షరం దేనికో చూపు లేనివారే నిర్ణయించాలి. చదువుకోవాల్సింది వాళ్లు.

* ఒంటరి అక్షరం మోసం చేస్తుంది. పక్కన ఏమీ లేకపోతే రెండు చుక్కలు పై వరుసవో, కింది వరుసవో వేలికి తెలియదు. కాబట్టి ముందు ఆరు చుక్కల నిండు గడి ఒకటి వేసి, పక్కన అక్షరం వేయండి. డబ్బా తలకిందులుగా పట్టుకున్నా వెంటనే తెలిసిపోతుంది.

* గడువు తేదీ, డాక్టరు మోతాదు మార్చిన సంగతి వేలికి తెలియవు. నెలకోసారి చూపున్నవారు డబ్బాలన్నీ సరిచూడాలి. డబ్బాలో మందు మార్చిన ప్రతిసారీ ఆ సంగతి నోటితో కూడా చెప్పాలి.

షుగరు ఉన్నవారికి ఇంకో మాట. ఇంట్లో గ్లూకోమీటరుతో చూసుకునేటప్పుడు చాలామంది చూపుడు వేలి కొస మధ్యలోనే గుచ్చుతారు. బ్రెయిలీ చదివేది ఆ చోటుతోనే. చదివే వేలిని వదిలేసి, ఉంగరపు వేలో, మధ్య వేలో ఎంచుకోండి. అదీ వేలి పక్క భాగంలో గుచ్చండి. నొప్పీ తక్కువే. షుగరు చాలా ఏళ్లుగా అదుపులో లేనివారికి వేళ్ల స్పర్శ కూడా మందగించవచ్చు. చుక్కలు అలుక్కుపోయినట్టు అనిపిస్తే మీ డాక్టరుకు చెప్పండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

'ఇంకా కొంచెం కనిపిస్తోంది కదా' అని వాయిదా వేయొద్దు. చూపు క్రమంగా తగ్గే జబ్బు అని కంటి డాక్టరు చెప్పినప్పుడే మొదలుపెడితే మంచిది. ఆరు కీల అమరికను కళ్లతో చూస్తూ నేర్చుకోవచ్చు. తర్వాత అదే చేతులకు అలవాటవుతుంది. రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి అయిదారు అక్షరాలు చాలు. మణికట్టు వంచకుండా, కీలను తేలికగా నొక్కండి. గట్టిగా కొడితే వేగం రాదు, నొప్పే వస్తుంది.

నేర్చుకునేది ఒక్కరే కాకూడదు. ఇంట్లో ఇంకొకరైనా కలవాలి. నాన్న రాసింది చదివేవారు, నాన్న కోసం రాసేవారు లేకపోతే ఆ చదువు నాలుగు రోజుల్లో అటకెక్కుతుంది.

సాయం ఎక్కడ?

చూపు లోపం 40 శాతం, అంతకు మించి ఉంటే సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం అలాంటి విద్యార్థులకు పద్దెనిమిదేళ్లు వచ్చేవరకు పుస్తకాలు, అవసరమైన ఉపకరణాలు ఉచితంగా అందించాలి. బ్రెయిలీ తెలిసిన టీచర్లను నియమించాలని కూడా చట్టం చెబుతోంది. బడిలో అడగడానికి మొహమాటం అక్కర్లేదు. దేహ్రాదూన్‌లోని జాతీయ దృష్టి దివ్యాంగుల సాధికారత సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లోని ఎల్‌.వి. ప్రసాద్‌ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో చూపు పునరావాస సేవలున్నాయి. స్లేటు, స్టైలస్‌ ఎక్కడ దొరుకుతాయో, శిక్షణ ఎలా పొందాలో అక్కడ అడగొచ్చు.

షుగరు ఉండి ఇంకా చూపు బాగున్నవారు మాత్రం ఈ పేజీ మడిచి పెట్టే ముందు ఒకటి గుర్తు పెట్టుకోండి. ఏడాదికోసారి రెటీనా పరీక్ష తప్పనిసరి. అద్దాల షాపులో అక్షరాల పట్టిక చదివేయడం ఆ పరీక్ష కాదు. కంటి వెనక పొరను చూడాలి. రెటీనా దెబ్బతింటున్నా చాలాకాలం చూపులో తేడా తెలియదు. తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

మొదట చెప్పినాయన మూడు నెలల తర్వాత ఓపీకి వచ్చారు. చేతిలో రెండు చిన్న ప్లాస్టిక్‌ డబ్బాలు. మూతల మీద వాళ్లమ్మాయి పొడిచిన గుర్తులు. నేను వాటిని అటూ ఇటూ మార్చి టేబుల్‌ మీద పెట్టాను. ఆయన వేలితో ఒకసారి తడిమి, ఒక డబ్బాను నా వైపు జరిపారు. "ఇది చక్కెర. పొద్దున టిఫిన్‌కి ముందు. మళ్లీ రాత్రి జోలికి వెళ్లకూడదు" అన్నారు.

అప్పటికి ఆయనకు వచ్చిన అక్షరాలు ఏడే. "మిగతావి మా అమ్మాయి పరీక్షలయ్యాక నేర్పుతానంది. ఈలోగా ఖాళీ కీబోర్డు ఒళ్లో పెట్టుకొని వేళ్లు ఆడిస్తున్నా డాక్టర్‌ గారూ" అని నవ్వారు.